కర్రా కత్తీ పట్టినవాడు దొంగ ఎలా అయ్యాడు?

గత భాగంలో మందస, టెక్కలి జమీందారీల గురించి రాశాను. ఈసారి అమెరికా నుంచి మొదలుపెడతాను. కంగారు పడకండి, నందిగాం వచ్చేస్తాం.

1952 ఏప్రిల్‌లో సీబీఎస్ రేడియోలో 'గన్‌స్మోక్' అనే నాటకం మొదలైంది. 1961 దాకా నడిచింది, మొత్తం 480 భాగాలు. కాన్సాస్‌లో డాడ్జ్ సిటీ అని పశువుల బేరగాళ్ళు దిగే ఊరు. ఆ ఊళ్ళో చట్టం అంటే ఒక్కడే, మార్షల్ మ్యాట్ డిలన్. వారానికో హంతకుడో, గుర్రాల దొంగో, తాగి తుపాకీ తీసేవాడో ఊళ్ళోకి దిగుతాడు. డిలన్ ఎదురెళ్తాడు. చెక్క నేల మీద బూట్ల చప్పుడు, ఎక్కడో కుక్క అరుపు, తలుపు కిర్రుమనడం, కాసేపు ఏమీ లేకపోవడం, తర్వాత తుపాకీ. ఆ రికార్డింగులు ఇప్పుడు నెట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. కాలేజీకి వెళ్ళే బస్సులో చెవిలో పెట్టుకుని ఒక వేసవంతా విన్నాను. బాగుంటాయి. చంపినందుకు సంబరపడని మార్షల్ నాకు నచ్చాడు.

ఆ గొంతు విలియం కాన్రాడ్ అనే నటుడిది. మనిషి లావు. 1955లో అదే కథ టీవీకి వెళ్ళినప్పుడు ఆయన్ని పక్కన పెట్టి ఆరడుగుల పైమాట జేమ్స్ ఆర్నెస్‌ని తీసుకున్నారు. రేడియోలో ఎవరైనా మార్షలే. తెర మీదకి వచ్చేసరికి చట్టానికి ఒక ఒళ్ళు, ఒక రంగు కావాలి.

దీనికంటే ముందే, 1933లో, డెట్రాయిట్‌లోని ఒక రేడియో కేంద్రం 'లోన్ రేంజర్' మొదలుపెట్టింది. ముసుగు వేసుకున్న తెల్ల వీరుడు, పక్కన టోంటో అనే ఆదివాసీ సహాయకుడు. టోంటో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడతాడు. రేడియోలో ఆ గొంతు కూడా జాన్ టాడ్ అనే తెల్ల నటుడిదే. భూమి పోయింది, భాష పోయింది, ఆఖరికి గొంతు కూడా అరువే.

ఇక్కడ బాస్ రీవ్స్ గురించి చెప్పాలి. 1838లో ఆర్కన్సాలో బానిసగా పుట్టాడు. అంతర్యుద్ధం రోజుల్లో యజమాని దగ్గర్నుంచి పారిపోయి ఆదివాసీల ప్రాంతంలో తలదాచుకున్నాడు. పారిపోయిన బానిస అంటే ఆనాటి చట్టం ముందు నేరస్థుడే. అదే మనిషిని 1875లో ఫోర్ట్ స్మిత్ కోర్టు డిప్యూటీ మార్షల్‌గా తీసుకుంది. చదవడం రాదు. వారెంట్లు ఎవరిచేతనైనా చదివించుకుని, ఏది ఎవరిదో గుర్తు పెట్టుకుని వెళ్ళేవాడు. 3000 మందికి పైగా పట్టుకున్నానని చెప్పుకున్నాడు. భార్యను చంపిన సొంత కొడుకుని కూడా తనే అరెస్టు చేశాడు. 1907లో ఓక్లహోమా రాష్ట్రమైంది. కొత్త శాసనసభ సెనేట్‌లో మొదటి బిల్లే రైళ్ళలో నల్లవాళ్ళని వేరు చేసేది. ముప్పై ఏళ్ళు చట్టాన్ని మోసిన మనిషికి చట్టం ఇచ్చిన బహుమానం అది. 1910లో చనిపోయాడు. లోన్ రేంజర్‌కి మూలం ఈయనే అని కొందరు రాస్తారు. దానికి గట్టి ఆధారం లేదు. ఆ వాదన నాకు అవసరం కూడా లేదు. పశ్చిమ అమెరికా పశువుల కాపరుల్లో నలుగురిలో ఒకరు నల్లవారని చరిత్రకారుల అంచనా. రేడియోలో ఆ నాలుగోవాడి మాట వినపడదు. నాకు కావాల్సింది అదొక్కటే.

ఇప్పుడు మన ఊరు.

రెండేళ్ళ కిందట డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడొకడు క్లాసు అయిపోయాక నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఫోన్ చూపించాడు. "సార్, మా కులం పేరు నెట్‌లో కొడితే దొంగలని వస్తందండి. స్కాలర్‌షిప్ ఫారంలో ఏటి రాయమంటారు?" ఫారంలో రాయాల్సింది కులం పేరే, అందులో సందేహం లేదు. వాడడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు. వాడి కులం దండాసి. ఈ వ్యాసం వాడికి బాకీ.

నందిగాం, టెక్కలి, పలాస, సోంపేట 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు గంజాం అటు పోయింది, మనం విశాఖ జిల్లాలో పడ్డాం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అందుకే మన కులాల గురించి దొరల కాలం నాటి రాతలు వెతకాలంటే గంజాం పేరుతో వెతకాలి. మా పిల్లలకి ఇది చెప్పేవాళ్ళు లేరు.

1901 మద్రాసు జనాభా లెక్కల నివేదికలో దండాసిల గురించి ఉన్నది చిన్న ముక్క. దాన్నే ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో తన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో ఎక్కించాడు. దాని సారం ఇది: వీళ్ళు గంజాంలో గ్రామ కాపలాదారులు, వృత్తి దొంగలు కూడా. రెండూ ఒకే వాక్యంలో. రాసినవాడికి ఎక్కడా తడబాటు లేదు. మార్షల్ డిలన్, వాడు వెంటాడే దొంగ ఒకే మనిషి అంటే అమెరికా శ్రోత రేడియో కట్టేసేవాడు. ఇక్కడ అది ప్రభుత్వ నివేదిక.

థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. మనుషుల ముక్కులు, పుర్రెలు కొలిచాడు. ఆ కొలతల విద్యను పోలీసు అధికారులకి కూడా నేర్పాడు. అతని పుస్తకాన్ని చదివేటప్పుడు ఈ రెండో సంగతి మర్చిపోకూడదు. మన సాహిత్య పరిశోధకులు అతన్ని జానపద విజ్ఞాన మూలపురుషుడిలా ఉటంకిస్తారు. మా విశ్వవిద్యాలయంలో నా సిద్ధాంత గ్రంథం రాసేటప్పుడు నాకూ అదే నేర్పారు.

పేరు చూడండి. దండం అంటే కర్ర, అసి అంటే కత్తి. కర్రా కత్తీ పట్టి ఊరిని కాసేవాళ్ళు. ఆనాటి పుస్తకాల్లో ఈ వ్యుత్పత్తి ఉంది. దాని పక్కనే ఇంకో అర్థం కూడా లాగారు, దండనకి తగినవాళ్ళని. ఒకే మాటలో లాఠీ ఉంది, లాఠీ దెబ్బ కూడా ఉంది. దండాసిలు తమని 'శాసనలోకులు' అని చెప్పుకుంటారని, అంటే ఊరిని శాసించేవాళ్ళమని అనుకుంటారని కూడా ఆ నివేదిక రాసింది. ఎందుకట? మిగతా కులాల సొమ్ము తమ చేతిలో ఉంది కాబట్టి, దొంగతనం చేయగలరు కాబట్టి అట. కాపలాదారు తన కాపలాని చూసి గర్వపడితే దాన్ని దొంగ గర్వంగా చదివారు. నాకైతే ఆ మాటలో మార్షల్ గర్వమే వినపడుతుంది.

ఈ ముడి ఎలా పడిందో ఆలోచిద్దాం. పాత పద్ధతిలో ఊరి కాపలాదారుకి జీతం లేదు. కళ్ళంలో గింజలు, ఎక్కడైనా ఈనాం చెక్క. ఊళ్ళో సొమ్ము పోతే పట్టుకు రావాలి, లేదా తనే కట్టుకోవాలి. అంటే ప్రతి దొంగతనానికీ మొదటి జవాబుదారు వాడే. జవాబుదారుకీ ముద్దాయికీ మధ్య సన్నటి గీత ఉంటుంది. ఆ గీత చెరపడానికి ఒక కొత్త పోలీసు స్టేషన్ చాలు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. జీతం, యూనిఫాం ఉన్న కానిస్టేబుల్ వచ్చాడు. కాపలా అధికారం కొత్తవాడికి పోయింది. 'వీడికి ఊళ్ళో గోడలన్నీ తెలుసు' అన్న అనుమానం మాత్రం పాతవాడి దగ్గరే మిగిలింది.

తర్వాత 1911. 1871 నాటి నేర జాతుల చట్టం మొదట ఉత్తరాదిలోనే ఉండేది. 1911 సవరణతో మద్రాసుకీ వచ్చింది. ఒక తెగ, ఒక గుంపు, ఒక వర్గం మొత్తాన్ని నేర జాతి అని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించవచ్చు. ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదు. పేరు నమోదు, వేలిముద్ర, పోలీసు ముందు హాజరు, ఊరు దాటితే చెప్పి వెళ్ళాలి. రెండేళ్ళలో, 1913లో, సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అందులో పెట్టారు. వాళ్ళ గురించి మన సినిమావాళ్ళు ఇప్పటికీ సినిమాలు తీస్తూనే ఉన్నారు. 2023లో కూడా ఒకటొచ్చింది. దండాసిల మీద ఎవరూ తీయలేదు, సంతోషం. ఒడిశాలో ఈనాటికీ విముక్త జాతుల జాబితాలో దండాసి పేరుంది. ఒకప్పుడు ఆ కులాన్ని ఏ పుస్తకంలో ఎక్కించారో చెప్పడానికి అది చాలు.

తెలుగు మేష్టారిని కదా, రెండు మాటలు సాహిత్యం వైపు వెళ్తాను.

నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో 'మహాతలవర' అనే బిరుదు ఉంది. మూడో శతాబ్దం. రాజవంశంతో వియ్యమందిన పెద్ద కుటుంబాల బిరుదు అది. అదే మాట తలవరి అయింది, తలారి అయింది, ఆఖరికి ఊరి చివర గుడిసెలో ఉండి కరణం చెప్పులు మోసేవాడి పేరయింది. పదం పదిహేను వందల ఏళ్ళు నడిచి రాజుగారి మేడ నుంచి పేటకి చేరింది. పని అదే, కాపలా. ఆ పని చేసేవాడిని ఎక్కడ నిలబెట్టారన్నదే మారింది.

శూద్రకుడి 'మృచ్ఛకటికం' చూడండి. అందులో గోడకి కన్నం వేసేవాడు శర్విలకుడు, బ్రాహ్మణుడు. కన్నం కొలతకి దారం లేకపోతే జంధ్యంతో కొలుస్తాడు. అదే నాటకంలో ఊరి కాపలా అధికారులు ఇద్దరు, వీరకుడు, చందనకుడు. జైలు నుంచి తప్పించుకున్న ఆర్యకుడు బండిలో దాక్కుని పోతుంటే ఆపుతారు. ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. ఒకడు రెండోవాడిని మంగలివని ఎద్దేవా చేస్తాడు, రెండోవాడు వీడిని తోలు పనివాడివని గుర్తు చేస్తాడు. తోలు పని కులం వాడైన చందనకుడే పారిపోతున్న ఆర్యకుడిని వదిలేస్తాడు, చేతికి కత్తి కూడా ఇచ్చి పంపుతాడు. ఆ ఆర్యకుడు రాజై చందనకుడిని దండపాలకుల పెద్దని చేస్తాడు. ఇంకేం కావాలండీ వెస్టర్న్ కథకి? దొంగ, మార్షల్, పారిపోయినవాడు, బండి, దారిలో తనిఖీ, అన్నీ ఉన్నాయి. ఎమ్మే క్లాసులో ఈ నాటకం చెప్పేవాళ్ళు వసంతసేన నగల దగ్గర ఆగిపోతారు.

తెనాలి రామకృష్ణుడి నిగమశర్మ సంగతి అందరికీ తెలుసు. కట్టుకున్నదాని నగలు, అక్క నగలు, ముక్కెరతో సహా మూటగట్టుకుని రాత్రికి రాత్రి ఉడాయిస్తాడు. చివరికి విష్ణుదూతలొచ్చి తీసుకుపోతారు. పద్యాలు అద్భుతం, నాకూ కంఠతా వచ్చు. ఆ కథ చదివి ఎవరైనా అతని కులాన్ని దొంగ కులమన్నారా? శర్విలకుడి దొంగతనం శర్విలకుడిది, నిగమశర్మది నిగమశర్మది. దండాసి ఇంట్లో ఒకడు చేసింది మాత్రం పుట్టబోయే పిల్లల పేర్లతో సహా రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది.

1969కి వద్దాం. ఉద్దానం జీడితోటల్లో, మందస కొండల్లో తుపాకులు మోగిన సంవత్సరం. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. నిందితులు కోర్టు నుంచి నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత జరిగింది మీకు తెలుసు. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తిని, ఆయనతో ఉన్న మరో ఆరుగురిని చంపారు. డిసెంబర్ 22న సుబ్బారావు పాణిగ్రాహిని చంపారు. బొడ్డపాడు గుడి పూజారి, మన జముకుల కథని పోరాటానికి వాడిన కవి. 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. ప్రతిసారీ ప్రభుత్వం చెప్పిన కథ ఒకటే: ఎదురుకాల్పులు. డాడ్జ్ సిటీ మార్షల్‌కి కూడా వారం వారం అదే కథ. అక్కడ మాత్రం ఎదుటివాడి చేతిలో తుపాకీ ఉండేది, ముందు వాడే తీసేవాడు.

ఈ పోరాటం మీద పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, స్థూపాలున్నాయి. వాటికి నేను కలిపేది చిన్న సంగతి. మా తాత బారికి. మన వైపు ఊరి కాపలావాడిని, చాకిరీవాడిని అనే మాట అది. ఆ రెండేళ్ళూ ఆయన పరిస్థితి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. పగలు పోలీసులకి కొండ దారి చూపించాలి, అది సర్కారు పని. రాత్రి ఎవరైనా తలుపు కొట్టి "పోలీసులు ఎంతమందున్నారు, ఎటెల్తన్నారు" అంటే చెప్పాలి, వాళ్ళు అడిగేది మన కూలి రేటు కోసమే. పోలీసులకి ఆయన మీద అనుమానం, సంఘానికీ అనుమానం. ఎవరూ తుపాకీ ఇవ్వలేదు, ఎవరూ స్థూపం కట్టలేదు. రెండు వైపులా తన్నులు తిన్నాడని నాయనమ్మ చెప్పేది. ఏ వైపు ఎక్కువ అని అడిగితే చెప్పేది కాదు.

ఆ రోజుల్లో పంచాయతీ రేడియో పెద్దవీధిలో ఉండేదట. మా పేటవాళ్ళు ఆ అరుగెక్కకూడదు. సాయంత్రం వార్తలు గాలి ఇటు మళ్ళితే వినపడేవి, లేదంటే లేదు. రేడియో గొంతుకి మైల అంటదు, వినేవాడికి మాత్రం దూరం కొలిచి పెట్టారు.

1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. టోపీ, గుర్రం, తుపాకీ, ఎడారి. మాటలు ఆరుద్ర రాశారు. తొలి భారతీయ కౌబాయ్ సినిమాగా పేరు. శ్రీకాకుళం కొండల్లో తుపాకుల మోత ఆగి ఏడాది అయిందో లేదో, తెలుగు ప్రేక్షకుడు తెర మీద తుపాకీ చూసి ఈలలు వేశాడు. ఎడారి రాజస్థాన్‌ది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

నేర జాతుల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ సిఫార్సు చేస్తే పోయింది. పోతూ పోతూ పిల్లని కని పోయింది, 'అలవాటుపడిన నేరస్థుల' చట్టం. మద్రాసులో 1948లోనే అలాంటిది ఉంది, ఆంధ్రప్రదేశ్‌కి 1962లో వచ్చింది. కులం మాట తీసేశారు, రిజిస్టర్ ఉంచారు. సుకన్యా శాంత అనే జర్నలిస్టు వేసిన పిటిషన్ మీద 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా, పలు రాష్ట్రాల జైలు నియమావళుల్లో సంచార జాతులు, నేర జాతులు అనే మాటలు అలాగే ఉన్నాయి. ఏ కులం ఖైదీ వంట చేయాలి, ఏ కులం ఖైదీ ఊడవాలి అన్నది కూడా. చట్టం చచ్చాక డెబ్బై రెండేళ్ళు.

ఒక ప్రశ్న మాత్రం పెట్టి వదిలేస్తాను. 1985లో కారంచేడు. 1991లో చుండూరు, ఎనిమిది మంది. 2012 జూన్ 12న, అప్పటి మన జిల్లాలోనే, వంగర మండలం లక్ష్మింపేటలో, మడ్డువలస రిజర్వాయర్ మిగులు భూమి కోసం ఐదుగురు దళితుల్ని నరికి చంపారు. వెంటాడి చంపిన గుంపులు ఏ కులాలవో పుస్తకాల్లో, తీర్పుల్లో ఉంది. ఆ కులాల పేర్ల పక్కన 'వృత్తి హంతకులు' అని ఏ జనాభా లెక్కల్లోనైనా రాశారా? రాయమని నేనడగడం లేదు. రాయకూడదు. కులం మొత్తాన్ని నేరస్థుల్ని చేయడం ఎంత అసహ్యమో వాళ్ళ విషయంలో మనందరికీ వెంటనే అర్థమవుతుంది. దండాసి దగ్గరికి వచ్చేసరికి అర్థం కావడానికి వందేళ్ళు పడుతోంది.

2025 ఏప్రిల్‌లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణ చేసింది. 59 కులాలు, మూడు గ్రూపులు. మొదటి గ్రూపులో రెల్లితో పాటు దండాసి, డోమ్, ఘాసి, బావురి, మొత్తం 12 కులాలకి కలిపి ఒక శాతం. వర్గీకరణ మీద మనలో మనకి వాదాలున్నాయి, ఇక్కడ వాటిలోకి వెళ్ళను. ఆ జాబితా చూసినప్పుడు నాకు తట్టింది వేరే. ప్రభుత్వ కాగితం మీద 'దండాసి' అన్న మాట పక్కన దొంగ అన్న మాట లేకుండా రావడం.

ఆ కుర్రాడు ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు. మొన్న పలాస బస్టాండ్‌లో కనిపించాడు. పరుగు సమయం తగ్గించడానికి తెల్లవారుజామున హైవే పక్క పరుగెడుతున్నానని చెప్పాడు. ఒక రోజు పెట్రోలింగ్ జీపు ఆపి, ఇంత పొద్దున్నే ఎక్కడికి పోతున్నావని అడిగిందట. ప్రాక్టీస్ అన్నాడట. ఆధార్ చూపించమన్నారట. చూపించాడు.